మూడు బొట్ల లొట్టి

వచ్చేటోళ్లకు వాకిట్ల ముంత
ఉండేటోళ్లకు ఉట్టిల ముంత
పోయేటోళ్లకు గడపల ముంత
పొమ్మననోళ్లకు...

నాలుగో వరుస నాకు యాదికి లేకుండె. నా చిన్నప్పుడు మా పెద్దవ్వ లొట్లు కడుక్కుంట ఈ పాట పాడేది. లొట్టి అంటే కల్లు పట్టే మట్టికుండ. నేను పక్కన కూసోని పీచుతోని తోముకుంట పాట అందుకునేదాన్ని. మూడు వరుసలు ఎప్పుడనుకుంటే అప్పుడు నోటికొస్తయి. నాలుగో దాని కాడికి రాంగనే నాలిక ఆగుతది. యాభై ఏండ్ల సంది అంతే. మతిమరుపు అనుకున్న. మనిషి కొన్నిటిని మరువడు, పక్కకు వెట్టుకుంటడు, అంతే అని ఇప్పుడు అనిపిస్తున్నది.

నా పేరు నాగవ్వ. మాది చెన్నూరు. డెబ్బై రెండేండ్లు నిండినయి. అక్షరాలు నాకు ఆలస్యంగ వచ్చినయి. యాభై ఆరేండ్లప్పుడు మహిళా సంఘం ఆఫీసుల బడి వెడితే, పలక పట్టుకొని పోయి నేర్చుకున్న. అంతకు ముందు గోడలన్నీ నాకు ఉత్త గోడలే. నేర్చుకున్నంక బస్సు మాట్లాడవట్టె, బియ్యం బస్తా మాట్లాడవట్టె, కరెంటు స్తంభం సుత మాట్లాడవట్టె. ఇంతమంది ఇన్ని మాటలు చెప్తుంటే ఇన్నేండ్లు చెవిటిదాని లెక్క ఎట్ల తిరిగిన్నో అని ఆశ్చర్యపోయిన. నా రాతల ఒత్తు ఒకచోట పడాల్సింది ఇంకోచోట పడ్తది. చదివేటోళ్లు సదురుకోండ్రి.

దయ్యం ముచ్చట అంటే అందరు రాత్రి అనుకుంటరు. నాకు జరిగింది నడి ఎండల. మే నెల, మిట్ట మధ్యాహ్నం. బయట కుక్క సుత నీడ ఇడిచి కదలని యాళ.

మా బజారు చివర, గోదారి బాట మీద ఒక రాతి ఇల్లున్నది. అందరు దాన్ని కలాలి అంటరు. నిజాం కాలంల కల్లు దుకాణాన్ని అట్లనే అనేటోళ్లు. గోడలు రెండు మూరల మందం. తలుపులు టేకువి, ఒక్కరితోని తెరుచుకోవు. లోపల ఒక అర్ర నేలకంటే మూడు మెట్లు కిందికుంటది. కిటికీ లేదు, గోడల దీపం పెట్టే గూడు ఒక్కటే. కల్లు తొందరగ పులవకుండ ఉండనీకి అట్ల కట్టిండ్రట. దాని పేరే సల్ల అర్ర. ఎండకాలం ఆ మూడు మెట్లు దిగితే నీళ్లల్ల దిగినట్టే ఉంటది.

కట్టించింది రుస్తుంజీ సేఠ్ అని ఒక పార్సీ ఆయన. సర్కారు నుంచి గుత్త పట్టి, బొంబాయి నుంచి గాజు దీపం తెప్పించి, తలుపుకెదురుంగ కుర్చీ ఏసుకొని కూసునేటోడట. చుక్క నోట్ల పోసుకోకపోయేదట. వాసన చూసే ఏ చెట్టు కల్లో, ఎవలు గీసిండ్రో చెప్పేటోడట. ఆయన సచ్చినంక దుకాణం సంతోష్‌రావు దొర పట్టిండు. తొమ్మిది దినాలు పోసిన కల్లు పోసినట్టే పులిసిపోయింది. ముక్కు దగ్గరికి తేరాకపోయెనట. దొర పరేషాన్. అప్పుడు లొట్లు కడిగే ముసల్ది ఒకామె చెప్పిందట, "దొరా, సేఠు ఇంక కుర్చీలనే ఉన్నడు. ఆయన్ను ఎవలు పొమ్మన్లే" అని.

మన దిక్కు ఎవలన్న బయలెల్లితే "పోతున్న" అనరు, "పోయొస్త" అంటరు. ఇంట్ల ఉన్నోళ్లు సుత "పో" అనరు, "పోయిరా" అంటరు. ఆ మాట అననిదే మనకు సాగనంపినట్టే ఉండదు. దుకాణం నడిపి పోయినోళ్లకు మాత్రం ఆ మాట పనికిరాదు. దొర ఒక ముంత కల్లు గడప మీద పోసి, "సేఠ్, నీ దుకాణం అయిపోయింది. పో" అన్నడట. తెల్లారి కల్లు తియ్యగ దిగిందట. గప్పటి సంది అది ఆనవాయితైంది. గడప ముంత అనేటోళ్లు. నడిపినోళ్లు పోతే, కొత్తగ పట్టేటోళ్లు ముంత పోసి "పో" అనాలె. నోరు జారి "పోయిరా" అన్నరా, వస్తరు.

దొర తర్వాత మా పెదబాపు పోశం పట్టిండు. దొర హైదరాబాద్‌ల సచ్చిండు, గాయన గీడికేం వస్తడులే అని పెదబాపు నవ్వి ఊకున్నడట. పదో దినం నిండు లొట్లు పదకొండు, ఒక్కటే తీరు, నడుమకు పలిగినయట. అప్పుడు ఉరికొచ్చి ముంత పోసిండట. ఆ ముచ్చట చెప్పి ఆయనే నవ్వేటోడు, నవ్వుకుంటనే గడప దిక్కు చూసేటోడు.

పెదబాపు తాటిచెట్టు మీదికెల్లి వడి సచ్చిండు. అప్పుడు నాకు పదిహేనేండ్లు. తొమ్మిదేండ్లప్పుడే అవ్వ, బాపు పోతే నన్ను తెచ్చుకొని సాదింది మా అవ్వ అక్క యాదవ్వ, పెదబాపు పెండ్లాం. నేను పెద్దవ్వ అనేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. మొగనికి గడప ముంత ఆమెనే పోసింది. పోసింది గని, ఆ ఒక్క మాట అననీకి ఎంతసేపు నిలవడ్డదో నాకెర్క. పోసిన కల్లు గడప మీదనే ఎండిపోయింది. సివరికి "పో" అన్నది. అని, నా భుజం పట్టుకున్నది.

ఆడామె దుకాణం నడుపుతదా అని ఊరోళ్లు నవ్విండ్రు. నడిపింది. ఏడేండ్లు నడిపింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. లొట్ల మీద సున్నం బొట్లు వెట్టేది. ఒక్క బొట్టు వెడితే ఆనాటి కల్లు. రెండు బొట్లు నిన్నటిది, పులుపు అడిగేటోళ్లకు. మూడు బొట్లు వెట్టిందంటే ఎవలకు పొయ్యొద్దు, పొద్దుగూకినంక పారబొయ్యాలె. ఆమెకు చదువు రాదు గని, ఆమె రాసినదాన్ని తప్పు చదివినోడు లేడు.

ఈ యాదవ్వ పేరే నేను రాయలే.

మా కొడుకు బిడ్డ భవ్యశ్రీ హైదరాబాద్‌ల హోటలు చదువు చదివింది. మొన్న ఉగాదికి వచ్చి, "బాపమ్మా, కలాలిని మనం ఊకనే పాడుబెట్టుకున్నం. నేను అండ్ల హోటల్ వెడ్త. సర్వపిండి, అంబలి, నాటుకోడి, అసలు తాటికల్లు. ఊర్లల్ల గిట్లాంటి పాత ఇల్లు ఎక్కడున్నది?" అన్నది. పైసలకు ఏమో తిప్పలు వడ్డది, మొత్తానికి పని షురూ చేసింది. పిల్ల కండ్లు మెరుస్తుంటే చూసి నాకు సంబురమైంది. సంబురం కింద ఇంకోటేదో కదిలింది. ఎండకని చెప్పి ఇంటికి పోయి పన్న.

హోటల్ తెరుసుడు ఇంక రెండు దినాలున్నదనంగ పెద్ద బోర్డు తెచ్చింది. "ఇంటి చరిత్ర పెడ్తున్న బాపమ్మా. మొదటి నుంచి ఎవలెవలు నడిపిండ్రో నువ్వు కాగితం మీద రాసియ్యి. నీ చేతిరాతనే పెయింటర్ బోర్డు మీదికి దించుతడు" అన్నది.

నేను రాసిన. రుస్తుంజీ సేఠ్. సంతోష్‌రావు దొర. పోశం. హనుమండ్లు. హనుమండ్లు అంటే మా ఆయన, చనిపోయి ఇరవయ్యేండ్లైంది. ఒక్కొక్క పేరు పక్కన అందాజుగ సంవత్సరాలు ఏసిన.

పెయింటర్ నిరంజన్ కాగితం అందుకొని, "అవ్వా, నీ రాత ముత్యాల్లెక్క ఉన్నది, మా పిలగానికి జర నేర్పు" అన్నడు. మళ్ల ఏలు వెట్టి చూసి, "అరవై ఏడుల పోశం పోయిండు. డెబ్బై నాలుగుల హనుమండ్లు వచ్చిండు. నడుమ ఏడేండ్లు ఎవలు లేరా?"

"లేరు. మూసి ఉండె" అన్న.

ఎంత సులువుగ వచ్చిందో ఆ మాట. చదువు నేర్చుకుంటే నిజాలు రాస్తరనుకున్న. ఏమీ రాయకుండ సుత అబద్ధం ఆడొచ్చని పలక పట్టుకున్ననాడు నాకు ఎవలు చెప్పలే.

జరిగిందేందో చెప్తా. డెబ్బై నాలుగుల జాతర నాడు దుకాణం కిటకిటలాడుతుండె. బొగ్గుబాయి పనోళ్లు వచ్చిండ్రు, గోదారి అవతలి నుంచి వచ్చిండ్రు. పొద్దు నడినెత్తికి రాకముందే కల్లు కొరత వడ్డది. సల్ల అర్రల ఒక నిండు లొట్టి ఉన్నది గని దాంట్ల బల్లి వడ్డది. పెద్దవ్వ బల్లిని తీసి పారేసి, లొట్టికి మూడు బొట్లు వెట్టి, గుడి కాడ దేవతకు కల్లు సాక పొయ్యనీకి పోయింది. దుకాణంల నా పెనిమిటి హనుమండ్లు, నేను ఉన్నం. అప్పటికి మా పెండ్లి అయి రెండేండ్లు. ఆయన పెద్దవ్వ దగ్గర పనికుండె. ఎవలో ఆ బొట్లు తుడిచిండ్రు. ఆ లొట్టి పైకి వచ్చింది. బాయి పని చేసే అంతయ్య అనే ఆయన దాంట్ల కల్లు తాగిండు. దీపాలు పెట్టే యాళకు సచ్చిండు.

పోలీసుల దాక పోనియ్యలే. తెల్లారి పెద్దమనుషులు దుకాణం ముందటనే కూసున్నరు. అంతయ్య పెండ్లాం నేల మీద కూలవడి ఉన్నది. పెద్దవ్వ ఒక్కటే మాట అన్నది. "నేను మూడు బొట్లు వెట్టిన. మా నాగి చూసింది. అడుగుండ్రి. ఆ పిల్ల అబద్ధమాడదు."

అందరు నా దిక్కు తిరిగిండ్రు. హనుమండ్లు నా ఎనుక నిలవడ్డడు.

"నాకెర్క లే" అన్న.

రెండే మాటలు.

దుకాణం మళ్ల ఆమె చేతికియ్యొద్దని, ఊర్ల ఉండొద్దని తెంపిండ్రు. మిట్ట మధ్యాహ్నం ఎనుక తలుపు కాడ మూట పట్టుకొని నిలవడ్డది. ముందటి గడప దాటనియ్యలే. నేను ఏడ్సుకుంట నిలవడ్డ. ఏం అనాల్నో తెలువక, ఎవలన్న బయలెల్లితే అనేదే అన్న.

"పోయిరా పెద్దవ్వ."

ఆమె నా మొఖం చూసింది. నా కొంగు చూసింది, చేతులు చూసింది. అప్పుడు ఒక మాట అన్నది. దాన్ని సివరికి రాస్త. ఇప్పుడు చెయ్యి వస్తలేదు.

నాలుగో దినం ఆమె గోదారి ఒడ్డుకు దొరికింది. నేను చూడపోలే. హనుమండ్లు దుకాణం పట్టిండు. ఆమెకు గడప ముంత ఎవలు పొయ్యలే. పదో దినం దాటినా లొట్లు పలుగలే, ఇగ రాదనుకున్నం. ఆమె పేరు సుత ఇంట్ల ఎవలు ఎత్తలే. మా కొడుకుకే తెలువదు, ఇంక భవ్యకు ఎట్ల తెలుస్తది.

ఇగ మొన్నటి ముచ్చట.

తెల్లారితే హోటల్ తెరుసుడు. సల్ల అర్రల తొమ్మిది కొత్త లొట్లు వరుసగ పెట్టించింది భవ్య. వచ్చినోళ్లకు సల్లటి నీళ్లు పొయ్యనీకి పొద్దుగాలనే నింపి పెట్టింది. కుర్చీల ఆటో బస్టాండు కాడ ఆగిందని ఫోన్ వస్తే, ఆమె, నిరంజన్ పోయిండ్రు. "బాపమ్మా, నువ్వు ఈడనే ఉండు, ఎండల పడకు" అన్నది. తలుపు దగ్గరికేసి పోయింది.

నేనొక్కదాన్నే ఉన్న. గోడలకు కొత్త రంగు వాసన. బయట ఎండ ఎట్లున్నదంటే తలుపు సందుల నుంచి తెల్లటి గీత ఒకటి నేల మీద పడి, దాన్ని చూస్తే కండ్లు గుంజుతున్నయి. ఎక్కడనో ఒక పావురం గురగురమన్నది. అది సుత ఆగింది. నోరు ఎండుకపోయింది. నీళ్లు తాగుదామని బటన్ల ఫోన్ లైటు ఏసుకొని మెట్లు దిగిన.

మొదటి మెట్టు మీద సల్లగాలి తాకింది.

రెండో మెట్టు మీద వాసన వచ్చింది. రంగు వాసన కాదు. పుల్ల కల్లు. దాని కింద ఇంకొకటి... తడి సున్నం.

ఆ ఇంట్ల కల్లు పోసి ముప్పై ఏండ్లైంది.

మూడో మెట్టు మీద చప్పుడు విన్న. ముంత నీళ్లల్ల ముంచితే వచ్చే చప్పుడు. గుబుక్. ఎలుక అయి ఉంటదనుకున్న. ఎలుక అట్ల ముంచదని నాకెర్క.

లైటు కొట్టి చూసిన. తొమ్మిది లొట్లు. ఎవలు లేరు. మూడో లొట్టి మీద తెల్లగ ఏదో కనవడ్డది. దగ్గరికి పోయిన. మూడు బొట్లు. పక్కపక్కన, ఒక్క ఏలుతోని పెట్టినట్టు. తడిగనే ఉన్నయి. ఒక బొట్టు నుంచి సన్నగ కిందికి కారుతున్నది.

నిరంజన్ ఏదో చేసిండనుకున్న. తెల్లారితే నలుగురు వస్తరు, చూస్తే బాగుండదనుకున్న. ఇట్లనే ఏవో అనుకుంటనే ఉన్న. నా చెయ్యి నన్ను అడగలే. కొంగు తీసింది. తుడిచింది.

తుడిసినంక తెలిసింది నేనేం చేసిన్నో.

పక్క లొట్టి మీద మూడు బొట్లు.

అది తుడిచిన. దాని పక్కదాని మీద. అది సుత తుడిచిన. మళ్ల మొదటిదాని మీద... ఎందుకు ఆగకపోతి? ఏమో. బొట్టు కనవడితే తుడుసుడే నా పని అయినట్టు తుడుసుకుంట పోయిన. తుడిసినవేవో, ఉన్నవేవో తెలువకుంటైంది. ఎన్ని లొట్లు నీళ్లవి, ఎన్ని...

ఫోన్ లైటు ఆరింది.

చీకట్ల ఎవలో పీచుతోని లొట్టి తోముతున్నరు. సర్... సర్... సర్... నా పక్కనే. మోకాలంత ఎత్తుల. కూసోని తోమితే వచ్చేంత ఎత్తుల.

తోముకుంట పాడుతున్నరు. నోరు తెరువకుండ, గొంతులనే.

వచ్చేటోళ్లకు వాకిట్ల ముంత.

ఉండేటోళ్లకు...

పోయేటోళ్లకు...

నేను చెవులు మూసుకున్న. మూసుకున్నంక ఇంక మంచిగ ఇనవడ్డది.

"పొమ్మననోళ్లకు పొద్దంత ముంత."

యాభై ఏండ్ల సంది నాలిక మీద ఆగిన వరుస. గదే.

తోముడు ఆగింది. నా ముంగటికి వచ్చి ఆగింది తడి వాసన, గోదారి రేవుల వచ్చే వాసన.

"నాగీ." గొంతుల కోపం లేదు. అదే నాకు భయమైంది. "బొట్లు ఎవలు తుడిచిండ్రే?"

"నాకెర్క లే."

నేనే అన్న. మళ్ల అన్న. డెబ్బై రెండేండ్ల మనిషిని, నలుగురికి పురాణం చదివి వినిపించేదాన్ని, చీకట్ల ఎవలు చూడని కాడ సుత గదే అన్న.

"ఎవలే నాగీ?"

"నాకెర్క లే పెద్దవ్వ..."

అప్పుడు పైన తలుపు కిర్రుమన్నది. "బాపమ్మా, ఏడున్నవే? ఎండకు నాలిక పీక్కపోయింది." భవ్య. దడదడ మెట్లు దిగింది. చీకటికి కండ్లు అలవాటు కాక తడుముకుంట వచ్చింది. "ఏందే చీకట్ల నిలవడ్డవ్? సల్లగున్నదని ఈడనే కాపురం వెడ్తవా ఏంది?"

నవ్వుకుంటనే చేతికి దొరికిన లొట్టి మూత తీసి ముంత ముంచింది.

గుబుక్.

ఏ లొట్టి అది? బొట్లున్నదా? నేను తుడిసిందా? చెప్పనీకి గుర్తేమన్న ఉంచిన్నా? ముంత పైకి లేసింది. ముంత అంచు పంటికి తాకిన చప్పుడు...

"తాగకు."

"ఏమైందే?"

"తాగకు బిడ్డ. మూడు బొట్లున్నయి దానికి. నేను తుడిచిన."

"ఏం బొట్లు? నాకేం కనవడ్తలేవు."

"నేను తుడిసిన గదా, ఏం కనవడ్తయి. అప్పుడు సుత నేనే తుడిచిన. అంతయ్య తాగినదానికి. మీ తాత తుడువు అన్నడు, నేను తుడిచిన. ఈ కొంగుతోనే... ఇట్లనే. పెద్దవ్వ వెట్టంగ చూసిన. బల్లి వడ్డదని నాకెర్క. అందరి ముంగట ఎర్క లేదన్న."

ఎన్నడు అనని మాటలు ఎంత తొందరగ అయిపోయినయో. నిరంజన్ మెట్ల మీద నిలవడి సెల్లు లైటు కొట్టిండు. ఆయన అంతా ఇన్నడు. నేను తల దించుకున్న. నేల మీద నా నీడ, భవ్య నీడ తప్ప ఇంకో నీడ లేదు.

భవ్య ముంతల నీళ్లు నేల మీద వంచింది. ఏం లేదు. లొట్టిని రెండు చేతుల పట్టి ఒంచింది. నీళ్లన్నీ పోయినంక, సివరికి, మెత్తటి చప్పుడుతోని ఒక బల్లి వడ్డది. తెల్లగ ఉబ్బి, కడుపు పైకి.

మిగిలిన ఎనిమిది సుత ఒంచిండ్రు. వాటిల్ల ఏం లేవు.

"పొద్దుగాల నేనే కడిగి, నేనే నింపి, మూత వెట్టిన" అన్నది భవ్య. నన్ను పట్టుకోలే. ఊకుండు అనలే. నాకు అట్లనే మంచిగనిపించింది. అడిగింది, "ఆమెకు పేరుంటది గదా?"

"యాదవ్వ."

"నడుమ ఏడేండ్లు?"

"ఆమెనే."

బోర్డు ఎండకు ఆరబెట్టి ఉన్నది. నిరంజన్ హనుమండ్లు పేరు తుడిచి, పోశం కింద జాగ చేసి, సుద్దముక్క నా చేతికిచ్చిండు. నిన్న ముత్యాలన్న మనిషే. నేను ఆ పేరు ఎన్నడు రాయలే. రాస్తుంటే చూసిన, ఆమె పేరుల ముందటే యాది లెక్క 'యాద' ఉన్నది. అంత పెద్దగ ఉన్నది, ఎట్ల కనవడకపోయెనో. 'వ' కింద ఒత్తు సరిగ్గనే పడ్డది.

"అవ్వా, ఒకటడుగుత, ఏమనుకోకు" అన్నడు నిరంజన్. "అడుగు" అన్నది భవ్యనే.

"సల్ల అర్రల సున్నం ఏడిది? ఇల్లంతా పెయింటే ఏసిన. సున్నం ముట్టి నాకు పదేండ్లైంది."

నేను సుద్దముక్క కింద పెట్టిన.

పొద్దుగూకే ముందు ఒక ముంత కల్లు తెప్పించింది భవ్య. గడప కాడ నిలవడ్డం. కొత్తగ పట్టేది ఆమె గావట్టి, పోసుడు ఆమె వంతు. పోసింది. కల్లు రాయి మీద నురుగు కక్కి, సందులల్లకు ఇంకింది.

"ఇప్పుడు 'పో' అనాలె బిడ్డ. అంతే. ఇంకో మాట అనొద్దు."

భవ్య నా దిక్కు చాలాసేపు చూసింది. ఆమె అట్ల చూసుడు నేనెన్నడు చూడలే.

"ఆమె దుకాణం నుంచి ఆమెను ఒకసారి ఎల్లగొట్టిండ్రు" అన్నది. "మళ్ల పొమ్మననీకి మనమెవలం బాపమ్మా?"

గడప దిక్కు తిరిగింది. చేతులు జోడించింది.

"పోయిరా అవ్వా."

ఆ మాట అనొద్దు అని చెప్పనీకి నోరు తెరిచిన. చెప్పనీకి నాకు మొఖమేడిది? మూసుకున్న.

హోటల్ తెరిసి రెండు నెలలైంది. మంచిగనే నడుస్తున్నది. కల్లు తియ్యగ ఉంటదని మంచిర్యాల నుంచి సుత వస్తున్నరు. సల్ల అర్రల పొద్దుగాల ఎప్పుడన్న ఒక లొట్టి మీద మూడు బొట్లుంటయి. ఎందుకు, ఏమని భవ్య అడగదు. ఆ లొట్టిని ఎత్తుకపోయి పారబోస్తది. నేను తుడుస్తలేను.

నా కుడిచేతి రెండు ఏళ్లు, కొంగు పట్టి తుడిచిన ఏళ్లు, ఆనాటి సంది తెల్లగనే ఉన్నయి. సబ్బు వెట్టిన, చింతపండు వెట్టి తోమిన. పొద్దుగాల లేసేసరికి గోర్లల్ల తడి ఉంటది. కుడికంటికి పువ్వు ఏసినట్టు మబ్బు కమ్మింది. కండ్ల డాక్టర్ లైటు వెట్టి చూసి, "అవ్వా, కంట్ల సున్నం వడ్డదా? ఎప్పుడు?" అని అడిగిండు. లేదన్న. ఇది పాత మరక, శానా ఏండ్లది, మరి ఇన్నేండ్లు ఈ కన్ను ఎట్ల చూసిందని ఆయన ఆశ్చర్యపోయిండు.

ఎడమకన్ను ఉండంగనే రాయాల్నని కూసున్న. సివరికి రాస్తనన్న మాట ఒకటి మిగిలింది.

ఎనుక తలుపు కాడ మూట చంకల వెట్టుకొని, నా చేతులు చూసి, ఎవలకు చెప్పకుండ, ఎవలకు ఇనవడకుండ పెద్దవ్వ నాతోని అన్నది ఇది.

"ఏడ్వకు బిడ్డ. ముందుగాల చేతులు కడుక్కో. గోర్లల్ల సున్నమున్నది, కండ్లల్ల వడ్తది."